అమ్మకు పిజ్జా షాపని చెబుదాం

వచ్చే బుధవారం మధ్యాహ్నం మేం నలుగురం, అంటే మావారు, నేను, మా అబ్బాయి, కోడలు, బెంగళూరు ఇందిరానగర్‌లో ఉన్న టాయిట్‌కి భోజనానికి వెళ్తున్నాం. టాయిట్ అంటే మామూలు హోటలు కాదు, బ్రూవరీ. బీరు అక్కడే తయారుచేసి, అక్కడే గ్లాసుల్లో పోసిస్తారు. 2010 నుంచీ ఉందట. బెంగళూరు పిల్లలకు ఆ పేరు చెబితే చాలు, ఏ రోడ్డని కూడా అడగరు. నాకు మాత్రం పోయిన ఆదివారం దాకా ఆ పేరే తెలీదు.

తెలిసింది కూడా ఎవరో పిలిచి చెబితే కాదు. వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తుంటే హాల్లో మాటలు వినిపించాయి.

"అమ్మకు పిజ్జా షాపని చెబుదాం. నాన్న, నేను చెరో బీరు తీసుకుంటాం. అమ్మకు లైమ్ సోడా చెబుదాం. నువ్వు కూడా అమ్మ ముందు జ్యూసే తాగు" అంటున్నాడు మావాడు.

"లోపల అంతంత ట్యాంకులు ఉంటాయి కదా, అత్తయ్య అడగరా?" అంది కోడలు.

"మంచినీళ్ల ట్యాంకులని చెబుదాంలే."

తాలింపు మాడింది. ఆ పూట పప్పు ఎందుకు చేదుగా ఉందో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

రాత్రి పడుకున్నాక ఆలోచించాను. నాకు కోపం దేని మీద? బీరు మీదా? కాదు. మావారు పెళ్లిళ్లలోనో, స్నేహితులొచ్చినప్పుడో రెండు గ్లాసులు తాగుతారని నాకు తెలుసు. మావాడు తాగుతాడనీ తెలుసు. కోడలు కూడా ఎప్పుడైనా ఒక గ్లాసు తీసుకుంటుందని ఆ పూటే తెలిసింది. నన్ను కుట్టింది ఆ ప్లాను. నలుగురు పెద్దవాళ్లు ఒక చోటికి వెళ్తుంటే, అందులో ముగ్గురికి ఎక్కడికో తెలుసు, నాలుగోదాన్ని చంటిపిల్లలా చంకనేసుకుని తీసుకెళ్తారు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయి నా కోసం నాటకం ఆడాలి. మగవాళ్లిద్దరు మాత్రం ఏమీ దాచక్కర్లేదు, ఏమీ మార్చుకోనక్కర్లేదు. దాపరికమంతా ఆడవాళ్ల నెత్తినే పడింది.

ఇది మా ఇంట్లో కొత్తేమీ కాదు. పాతికేళ్లుగా ఆయన స్నేహితులొస్తే పల్లీలు వేయించింది నేను. ఉల్లిపాయలు తరిగింది నేను. ఆమ్లెట్లు వేసింది నేను. తెల్లారి గ్లాసులు కడిగిందీ నేనే. ఆ మందు గురించి నాకు తెలియనివి రెండే రెండు: ఎంత తాగారు, ఎంత ఖర్చయింది. చాకిరీలో నేనున్నాను కానీ లెక్కలో లేను. మీలో చాలామంది ఇళ్లలోనూ ఇంతేనని నాకు తెలుసు.

మర్నాడు పొద్దున కాఫీలిస్తూ చెప్పేశాను. "నేను వస్తాను. పిజ్జా షాపుకు కాదు, బ్రూవరీకే. అయితే ఎప్పుడు, ఎలా, ఎంత అనేది నాతో కూర్చుని మాట్లాడాలి." మావాడి మొహం చూడాల్సింది. మావారు పేపరు ఇంకొంచెం పైకెత్తుకున్నారు. కోడలు మాత్రం కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "సారీ అత్తయ్యా" అంది. నువ్వెందుకమ్మా సారీ చెప్పడం అన్నాను.

నేను ఇంత పట్టుపట్టడానికి ఒక కారణం ఉంది. మాది నెల్లూరు జిల్లా పల్లె. 1992లో సారాకు ఎదురు తిరిగిన దూబగుంట మా జిల్లాలోనే ఉంది. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మలాంటివాళ్లు ముందుండి, ఊళ్లో సారా అంగడి మూయించారు. ఆ కథ మళ్లీ వాచకంలో పాఠమై పక్క ఊళ్లకు పోయింది. ఊరూరా ఆడవాళ్లు చీపుర్లు, కారం పట్టుకుని బయటికొచ్చారు. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో మద్యం మొత్తం మీద నిషేధం వచ్చాయి. ఆ రెండోది 1997లో ఎత్తేశారు, అది వేరే సంగతి.

మా అమ్మ ఆ గుంపులో ఉంది. మా మామ, అంటే అమ్మ తమ్ముడు, సారాకే పోయాడు. అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. ప్రభుత్వమే 'వారుణి వాహిని' అని పేరు పెట్టి మరీ పంపించేది. ఊళ్లో మంచినీళ్లకు రెండు మైళ్లు నడవాల్సి వచ్చేది కానీ సారా మాత్రం గడపలోకి వచ్చేది. మామ కూలి డబ్బులు ఇంటికి చేరడం నేను ఏనాడూ చూడలేదు. ఆ ప్యాకెట్టు వాసన, చెమటతో కలిసిన ఆ వాసన, ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు కడుపులో తిప్పుతుంది.

అలాంటి ఇంటి ఆడపిల్లను బ్రూవరీకి ఎలా వెళ్తున్నాను? ఈ ప్రశ్న మీరు అడగక ముందే నన్ను నేను అడుక్కున్నాను. నాకు దొరికిన జవాబు ఇది. ఆ ఆడవాళ్లు అడిగింది లెక్క. నీ కూలి ఎంత, అంగట్లో ఎంత పోసొచ్చావు, ఇంటికి ఎంత తెచ్చావు, రాత్రి ఎవర్ని కొట్టావు. ఇంట్లో అడగలేక అంగడి ముందు కూర్చుని అడిగారు. ఆ లెక్క నేను మా హాల్లో కూర్చుని అడగగలుగుతున్నాను. అడగ్గలిగినదాన్ని అడక్కుండా లైమ్ సోడా తాగి వచ్చేస్తే, మా అమ్మ ఎండలో కూర్చున్నదానికి అర్థమేముంది?

సరే, ఇక మా ప్లాను. మీలో ఎవరికైనా ఇలాంటి మొదటి ప్రయాణం తగలొచ్చు. ఈ రోజుల్లో బెంగళూరులోనే కాదు, హైదరాబాదులోనూ ఇలాంటివి వచ్చేశాయి. పిల్లలు పుట్టినరోజులని, ప్రమోషన్లని అక్కడికే పిలుస్తున్నారు. అందుకని వివరంగా రాస్తున్నాను.

మొదట రోజు తేల్చుకోవాలి. మావాడు శనివారం రాత్రి అన్నాడు. శనివారం మావారు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, గురువారం సాయిబాబాకు. శుక్రవారం లక్ష్మీదేవి ఇంట్లో ఉండే రోజు, ఆ రోజు డబ్బు తీసుకెళ్లి బీరులో పొయ్యడానికి నాకే మనసొప్పదు. ఇక మిగిలింది బుధవారం, ఆదివారం. "దేవుళ్లందరూ కలిసి నాకు రెండు రోజులు వదిలారన్నమాట" అన్నారు మావారు. ఆదివారం సాయంత్రాలు ఇలాంటి చోట్ల జనం తోసుకుంటారట, బల్ల కోసం నిలబడాలట, పాటల హోరులో పక్కవాళ్ల మాట వినపడదట. కాబట్టి బుధవారం, అదీ మధ్యాహ్నం భోజనాల వేళ. పిల్లలిద్దరూ ఆ పూటకు సెలవు పెడుతున్నారు. పేరున్న చోటికి మొదటిసారి వెళ్లేటప్పుడు రద్దీ లేని పూట చూసుకోవడం మేలు. వెలుతురులో మనుషులూ కనిపిస్తారు, గ్లాసులూ కనిపిస్తాయి.

రెండోది బండి. "కారులో వెళ్దాం, నేను ఒక్కటే తాగుతాను, ఏం కాదు" అన్నాడు మావాడు. ఈ 'ఒక్కటే' అన్న మాట వింటే నాకు మామ గుర్తొస్తాడు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలుంటే నేరం. మొదటిసారి దొరికితే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా సంగతి అలా ఉంచండి, రోడ్డు మీద వెళ్లేవాళ్ల పిల్లల సంగతో? మావాళ్లుండేది వైట్‌ఫీల్డ్. అక్కడ పర్పుల్ లైన్ మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఇందిరానగర్‌లో దిగొచ్చు. బ్రూవరీ 100 అడుగుల రోడ్డులోనే. పోను మెట్రో, రాను మెట్రో. కారు తాళాలు ఇంట్లో నా అల్మరాలో ఉంటాయి. దీని మీద చర్చ లేదు.

మూడోది కొలత. ఇక్కడ నాకు తెలియని విషయాలు చాలా తెలిశాయి. బీరంటే చల్లగా, పల్చగా ఉంటుంది, "బీరే కదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేశాను. అయిదు శాతం ఆల్కహాలున్న బీరు అర లీటరు తాగితే ఒంట్లోకి వెళ్లేది దాదాపు 20 గ్రాముల ఆల్కహాలు. మామూలు విస్కీ 60 మిల్లీలీటర్లలో ఉండేది కూడా దాదాపు అంతే. అంటే ఒక పెద్ద గ్లాసు బీరు, ఒక లార్జ్ పెగ్గు, రెండూ ఒకటే. ఇలాంటి బ్రూవరీల్లో రకరకాల బీర్లుంటాయి. కొన్ని నాలుగున్నర, అయిదు శాతం ఉంటే, కొన్ని ఏడెనిమిది దాకా పోతాయి. గ్లాసు అదే, లోపలున్నది మాత్రం ఒకటిన్నర రెట్లు. మెనూలో పేరు పక్కన ఆ శాతం వేస్తారట. మనం చీర ధర చూసినట్టు ముందు ఆ అంకె చూడాలి.

మేం తేల్చుకున్నదేమిటంటే, తాగే ముగ్గురూ ముందు రుచి చూసే చిన్న గ్లాసులు తెప్పించుకుంటారు. నచ్చిన రకం ఒక్క గ్లాసు తీసుకుంటారు. రెండోది లేదు. మావారికి షుగరు, బీపీ మాత్రలున్నాయి. కొన్ని రకాల షుగరు మందులు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో మద్యం తాగితే షుగరు బాగా పడిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకని ఆయన డాక్టరుగారికి ఫోను చేసి అడిగాకే ఆ చిన్న గ్లాసైనా. ఫోను ఆయనే చేశారు, స్పీకరు పెట్టి మరీ. అందరికీ ముందు తిండి రావాలి, తర్వాతే గ్లాసు. అక్కడ పిజ్జాలు బాగుంటాయట. చూశారా, మావాడు పూర్తిగా అబద్ధం చెప్పలేదు!

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మితంగా తాగితే ఆరోగ్యానికి మంచిదని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. ఆరోగ్యానికి ఇంత తాగితే ఏమీ కాదు అనే కొలతే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఆడవాళ్ల ఒంట్లో నీటి పాలు తక్కువ కాబట్టి అదే గ్లాసు మనకు ఎక్కువ ఎక్కుతుంది. రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా మద్యంతో పెరుగుతుంది. ఇవి కోడలికి చెప్పాను. భయపెట్టడానికి కాదు. తెలిసి తీసుకునే గ్లాసు వేరు, తెలియక తీసుకునేది వేరు. "తెలుసు అత్తయ్యా, అందుకే ఎప్పుడో ఒకసారి" అంది. మావాడికి కూడా తెలుసా అని అడిగాను. జవాబు రాలేదు.

ఇక నేను అక్కడ ఏం చేస్తాను? నేను తాగను. నాకు ఇష్టం లేదు, అంతే. "ఒక్క గుటక చూడమ్మా" అని ఎవరూ అనకూడదని ముందే చెప్పేశాను. తాగేవాళ్లను నేను చిన్నచూపు చూడను, తాగనందుకు నన్నెవరూ వెనకబడ్డదాన్ననుకోకూడదు. అయితే అంత దూరం వెళ్లి ఊరికే కూర్చోను. ఆ ట్యాంకుల్లో ఏం జరుగుతుందో చూడాలనుంది.

ఎందుకంటే, అందులో సగం పని నాకు వచ్చు. మాల్ట్ అంటే ఏమిటో కోడలు చెబుతుంటే ఆశ్చర్యపోయాను. బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేడి మీద ఆరబెడతారు. మావాడికి ఆరో నెల నుంచీ రాగులతో నేను చేసిందీ అదే కదా! మొలకెత్తితే గింజలో పిండిని తీపిగా మార్చే గుణం వస్తుంది. అందుకే మొలకల రాగిజావ పల్చగా, తియ్యగా ఉంటుంది. బ్రూవరీలో ఆ మాల్ట్‌ను రవ్వలా మరపట్టి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతారు. పిండి అంతా చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లు వడకట్టి, హాప్స్ అనే తీగ పూలు వేసి మరిగిస్తారు. చేదు, సువాసన వాటివే. తర్వాత చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఇడ్లీ పిండిని చలికాలం ఒకలా, ఎండాకాలం ఒకలా పులియబెట్టినట్టే, కొన్ని బీర్లను గది వేడిలో వారం పది రోజులు, కొన్నింటిని చల్లగా వారాల తరబడి పులియబెడతారు. వడకట్టాక మిగిలిన పిప్పి పశువుల దాణాకు పనికొస్తుంది. సారాలాగా బట్టీ పెట్టి ఆవిరి దించడం ఇందులో ఉండదు.

టాయిట్‌లో బాస్మతి బ్లాండ్ అనే బీరు ఉందట, బాస్మతి బియ్యం వేసి చేస్తారట. బిర్యానీకి కొనాలంటేనే వెనకాముందాడే బియ్యాన్ని బీరులో వేస్తారా అని నాకు మొదట మనసు గిలగిల్లాడింది. చద్దన్నం, తరవాణి తాగి పెరిగినవాళ్లం, పులిసిన బియ్యం మనకు కొత్తా అని మళ్లీ నేనే సర్దుకున్నాను.

ఇంకో సంగతి కోడలు చెప్పింది, అప్పటినుంచీ మనసులో తిరుగుతోంది. బయోకాన్ కిరణ్ మజుందార్ షా ఉన్నారు కదా, ఆవిడ చదివింది బీరు తయారీయే. ఆవిడ తండ్రి కూడా బ్రూమాస్టరు. 1970లలో ఆస్ట్రేలియాలో ఆ చదువు పూర్తిచేసి వస్తే, ఆడమనిషికి బ్రూవరీ అప్పజెప్పడానికి మన దేశంలో ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు 1978లో ఇదే బెంగళూరులో ఒక గరాజులో బయోకాన్ మొదలుపెట్టారు. మొదట్లో ఆ కంపెనీ చేసినవాటిలో బొప్పాయి పాల నుంచి తీసే పపైన్ ఒకటి. అది బీరు తేటగా ఉండటానికి వాడతారు. తయారుచేసే చోటికి రానివ్వలేదు, తాగే చోటికి రానివ్వలేదు. కడిగే చోట మాత్రం మనల్నెవరూ ఆపలేదు.

నాలుగోది డబ్బు. ఎంత ఖర్చుపెడతామో ముందే అంకె అనుకున్నాం. మావారు సగం, మావాడు సగం. బిల్లు నా చేతికి రావాలి. చూసి, వాళ్లకిస్తాను. బిల్లు చూడటం ఎందుకమ్మా అన్నాడు మావాడు. పాతికేళ్లలో చూడనివన్నీ ఈ ఒక్కదాంట్లో చూసుకుంటాను నాయనా అన్నాను.

అయిదోది ఫొటోలు. ఇది అడిగింది కోడలు. "అత్తయ్యా, నా గ్లాసు ఫొటోలో పడకుండా చూద్దాం. మన ఫ్యామిలీ గ్రూపులో పడితే మా అమ్మ బాధపడుతుంది" అంది. మా ఆడపడుచులు, తోడికోడళ్లు ఉన్న గ్రూపది. మావారి గ్లాసు పడితే "బావగారు ఎంజాయ్" అంటారు. కోడలి గ్లాసు పడితే ఆ ముచ్చట ఆరు నెలలు నడుస్తుంది. అందుకని ఫొటోలు పిజ్జాతోనే. నాకిది దాపరికంలా అనిపించలేదు. మన ఇంట్లో నలుగురి మధ్య అబద్ధం ఉండకూడదు. ఊరందరికీ చెప్పి తీరాలన్న రూలు మాత్రం లేదు. ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆ అమ్మాయి ఇష్టం.

ఆరోది నాది. అక్కడికి వెళ్లాక ఆ వాసన నాకు పడకపోతే, మామ గుర్తొచ్చి కూర్చోలేకపోతే, నేను లేస్తాను. నేను లేస్తే నలుగురం లేస్తాం. కారణం అడక్కూడదు. దీనికి అందరికంటే ముందు ఒప్పుకున్నది మావారు. ఆ మనిషి మీద నాకున్న కోపం ఆ ఒక్క మాటకు సగం తగ్గింది.

ఇంతా రాశాక ఒక హెచ్చరిక. మీ ఇంట్లో ఒక గ్లాసుతో ఆగలేని మనిషి ఉంటే ఈ ప్లాన్లేవీ పనిచేయవు. "నువ్వు పక్కనుంటే తక్కువ తాగుతాను, ఫ్యామిలీతో వెళ్తే కంట్రోల్లో ఉంటాను" అనే మాట మనలో చాలామంది వినే ఉంటారు. నమ్మకండి. కాపలా కాయడం మన పని కాదు, కాసినా ఆగదు. అలాంటి మనిషికి కావాల్సింది డాక్టరు. ఆయన భోజనం ఏ బ్రూవరీలో అయినా, ఎంత ఖరీదైన గ్లాసులో అయినా మామ తాగిన ప్యాకెట్టుతో సమానమే.

చివరగా మా అమ్మ. డెబ్బై రెండేళ్లు. ఊళ్లోనే ఉంటుంది. ఆమెకు చెప్పకుండా వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఇంత మాట్లాడి నేనూ "పిజ్జా షాపు" అంటే ఏం బాగుంటుంది? నిన్న ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఏందమ్మే, నా మనవడు నిన్ను సారాయంగడికి తీసకపోతా ఉండాడా?" అంది.

సారా కాదమ్మా, బీరు, పట్నంలో అందరూ కుటుంబాలతో వస్తారంట అన్నాను.

"ఒక గ్లాసు ఎంతంట?"

చెప్పాను. మా ఊళ్లో ఆడకూలికి ఒక రోజు నాట్లేస్తే వచ్చేంత.

"అయితే సదువుకున్నోళ్లు తాగితే సరదా, కూలోళ్లు తాగితే తాగుబోతు. అంతేనా? మేం మూయించింది పేదోళ్ల అంగళ్లే అన్న మాట."

నా దగ్గర సరైన జవాబు లేదు. లెక్క చెప్పి తాగడం, ఇంట్లో ఎవరినీ భయపెట్టకపోవడం, ఆగగలగడం, ఈ మూడూ ఉంటే తప్పులేదని నా అభిప్రాయం. అది కూలివాడికైనా సాఫ్ట్‌వేరు వాడికైనా ఒకటే కొలత. అదే చెప్పాను. కానీ ఆ మూడూ పాటించడం కడుపు నిండినవాళ్లకు తేలిక అని అమ్మ అంటే నేను కాదనలేను. ఏసీలో కూర్చుని మాల్ట్ గురించి ముచ్చట్లు చెప్పుకునే తీరిక మామకు ఎప్పుడూ లేదు. రోజంతా ఎండలో వంగిన నడుముకు చేతికందింది ఆ ప్యాకెట్టు ఒక్కటే. ఈ మాట నన్ను బుధవారం కూడా వదలదు, వదలకూడదు కూడా.

"పోవద్దంటావామ్మా?" అని అడిగాను.

"నేనెందుకంటానమ్మే. నీ కోడలు పిల్లను దాపెట్టకుండా కూచోబెట్టుకుంటన్నావు గదా, పోయి రా." కొంచెం ఆగి, "ఒచ్చినాక బిల్లు ఎంతయిందో నాకు ఫోను చేసి చెప్పాల. పైసలతో సహా" అంది.

చెబుతాను. ఆమెకు లెక్క చెప్పాల్సిన బాకీ మా అందరి మీదా ఉంది.